నిశ్శబ్దం – నాలుగు

ఖాళీ గదికి కూడా తనదైన చప్పుడు ఒకటి ఉంటుందని సినిమా టీచర్ చెప్పినప్పుడు తొమ్మిదో తరగతి మొత్తం నవ్వింది. చెవులపిల్ల నవ్వలేదు. ఆ సంగతి ఆమెకు ముందే తెలుసు. గ్రంథాలయంలో ట్యూబులైటు సన్నగా ఈల వేస్తుంది. నడవలో కుళాయి ఎవరూ లేనప్పుడు గొంతు సవరించుకుంటుంది. తమ తరగతి గదిలో రెండో ఫ్యాను ప్రతి మూడో చుట్టుకీ ఒకసారి మూలుగుతుంది.

“మాటకీ మాటకీ మధ్య సందు వస్తుంది కదా, అక్కడ ఏమీ లేకపోతే చూసేవాళ్లకి చెవిలో గొయ్యి పడ్డట్టుంటుంది” అంది టీచర్. “ఆ గొయ్యిలో ఆ గది నిశ్శబ్దాన్నే తెచ్చి పొయ్యాలి. పక్కగదిది పనికిరాదు. అందుకని ఎక్కడ షూటింగ్ చేసినా, అయ్యాక మూడు నిమిషాలు ఊరికే రికార్డు చెయ్యండి.”

“ఊరికే ఉన్నందుకు కూడా మార్కులేస్తారా టీచర్? అయితే నాకు సున్నాయే” అంది రేడియో.

బృందంలో ముగ్గురు. మాటలు రాసి చదివేది రేడియో. చిత్రం తీసి కత్తిరించేవాడు కత్తెర. శబ్దం చెవులపిల్లది. శనివారం తల్లిదండ్రుల సమావేశంలో చూపించవలసిన నాలుగు నిమిషాల సినిమాకు ‘మా బడి గొంతు’ అని రేడియోయే పేరు పెట్టింది. చెవులపిల్లకు ఆ ముద్దుపేరు పెట్టింది కూడా తనే. రేడియోకు ఆ పేరు పెట్టినవాడు మాత్రం లెక్కల మాస్టారు, అదీ ముద్దుగా కాదు.

లెక్కల మాస్టారు మంచి మాస్టారని అందరూ అనేవారు. ఫలితాలు అలా ఉండేవి. ఉంగరంతో బల్ల మీద మూడుసార్లు కొట్టి, ఆ తరువాత పేరు పిలవడం ఆయన అలవాటు. మూడో దెబ్బకీ పేరుకీ మధ్య ముప్పై ఐదుగురు పిల్లలు ఊపిరి బిగపట్టేవారు. దాన్ని ఆయన ఏకాగ్రత అనేవాడు. ఆ పాఠశాలలో క్రమశిక్షణ అనే మాట గోడల మీద మూడు చోట్ల రాసి ఉంది. పిల్లల ఒంటి మీద ఎన్ని చోట్ల రాసి ఉందో లెక్క పెట్టినవారు లేరు.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల గంట కొట్టాక చెవులపిల్ల రికార్డర్ పట్టుకుని ఖాళీ తరగతి గదిలోకి వెళ్లింది. ఆ గది నిశ్శబ్దాన్ని అంతకుముందు రోజే ఒకసారి పట్టింది గానీ అది చెడిపోయింది. వింటే మొదటి నుంచి చివరి దాకా తన ఊపిరే. ఈసారి తను కూడా ఉండకూడదని నిశ్చయించుకుంది. రికార్డర్‌ను బీరువా మీద, పాత పటాల చుట్టల మధ్య నిలబెట్టి, ఎర్ర మీట నొక్కి, కాలి వేళ్ల మీద నడిచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. షాట్ల పుస్తకంలో రాసింది: నిశ్శబ్దం – 4, తరగతి గది, మంగళవారం, పన్నెండు నలభై. నిడివి గడి ఖాళీగా వదిలింది.

మూడు నిమిషాలు నడవలోనే నిలబడవలసింది. కానీ ఆఫీసు కిటికీలోంచి అమ్మ చెయ్యి ఊపింది. అమ్మ ఆ పాఠశాలలోనే గుమస్తా.

“నీ డబ్బా నా సంచిలో వచ్చేసిందే. తిని పో. నిలబడి కాదు, కూర్చుని తిను.”

తిని, చెయ్యి కడుక్కుని పరుగెత్తుకుని వస్తుంటే నడవ మలుపులో ప్రిన్సిపాల్ మేడం ఎదురైంది. ఎన్నడూ లేనిది, ఆమె తల నిమిరి వెళ్లిపోయింది. తరగతి తలుపు బార్లా తీసి ఉంది. గదిలో ఎవరూ లేరు. మూడో వరసలో రేడియో కూర్చునే బల్ల ఏటవాలుగా జరిగి ఉంది. చెవులపిల్ల బల్లను సర్ది, రికార్డర్ దించి, అంకెలు చూసి పుస్తకంలో గడి నింపింది: పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు.

మధ్యాహ్నం రేడియో తరగతికి రాలేదు. మెట్ల మీద పడిందని చెప్పారు.

*

బుధవారం కంప్యూటర్ గదిలో చెవులపిల్ల హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పక్కన కత్తెర తెర మీద రేడియో మాటలను వరసగా పేరుస్తున్నాడు. తెర మీద శబ్దం ఒక గీతలా కనిపిస్తుంది. మాట దగ్గర లావెక్కుతుంది, నిశ్శబ్దం దగ్గర దారంలా సాగుతుంది. నాలుగో నిశ్శబ్దాన్ని తెరవగానే కత్తెర తల వంచి చూశాడు.

“ఇదేంటే, నీ నిశ్శబ్దానికి పన్ను మొలిచింది?”

దారం మధ్యలో ఒక్కచోట గీత నిలువుగా, పదునుగా లేచి ఉంది.

ఆమె వింటోంది. ఫ్యాను. మూడో చుట్టుకి మూలుగు. తలుపు. చెప్పుల అడుగులు రెండు జతలు, ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. తరువాత ఉంగరం: ఒకటి, రెండు, మూడు. హెడ్‌ఫోన్లలో అది తన పుర్రె మీద కొట్టినట్టే ఉంది. చెవులపిల్ల ఊపిరి బిగపట్టింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా బిగపట్టింది.

“నా మీద పాట కట్టి పాడావట. రేడియో గారూ, ఇప్పుడు మోగండి.”

“లేదు సార్, ఊరికే…”

అప్పుడు ఆ పన్ను. బల్ల ఈడ్చుకుపోయిన చప్పుడు. ఆ తరువాత చాలాసేపు ఫ్యాను. ఆ ఫ్యాను చప్పుడులోంచి రేడియో గొంతు, కానీ రేడియోది కాని గొంతు: “సార్… ఇటువైపు వినపడట్లేదు సార్.”

చెవులపిల్ల హెడ్‌ఫోన్లు లాగేసింది.

“ఏమైంది? ముఖమలా పాలిపోయింది?” అంటూ కత్తెర హెడ్‌ఫోన్లు తీసుకున్నాడు. ఆమె ఆపలేకపోయింది. పన్ను దాకా విన్నాడు. తీసి మెల్లగా, అవి పగిలిపోయే వస్తువులైనట్టు, బల్ల మీద పెట్టాడు.

“నేను వినలేదు” అన్నాడు. “నువ్వూ వినలేదు. మొదటి ముప్పై సెకన్లు చాలు మనకి. మిగతాది కోసేస్తా.”

“వద్దు. తీసింది ఏదీ చెరపకూడదని టీచర్ చెప్పింది కదా.”

“సినిమా టీచర్ చెప్పేది సినిమాలకి! మాస్టారికి తెలిస్తే ఈ ఏడు నన్ను పాసవనిస్తాడా? నీకేం, మీ అమ్మ ఆఫీసులో ఉంది…” అని, ఆ మాటకు అర్థం తనకే తట్టినట్టు, ఆగిపోయాడు.

అతనికి తట్టినదే ఆమెకూ తట్టింది. మెట్ల మీద పడిందని ప్రమాదాల రిజిస్టర్‌లో రాసినది అమ్మే. నల్ల సిరా, గుండ్రటి అక్షరాలు. ఈ చప్పుడు నిజమైతే ఆ రాత అబద్ధం. అబద్ధపు రాతకు ఎవరిని పట్టుకుంటారు? రాసినవాళ్లనే.

కిటికీ అవతల నడవలో ఎవరో అద్దాన్ని గోటితో తాకినట్టయింది. ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. లెక్కల మాస్టారు తలుపులోంచి తల లోపలికి పెట్టి నవ్వాడు.

“సినిమావాళ్లూ! మంగళవారం ఏం తీశారు?”

“గ్రంథాలయం సార్” అన్నాడు కత్తెర.

“మధ్యాహ్నం?”

“భోజనం చేశాం సార్.”

“మంచిది. వేళకి తినాలి.” ఆయన తలుపు పట్టీ మీద ఉంగరంతో మూడుసార్లు కొట్టి వెళ్లిపోయాడు.

*

గురువారం రేడియో ఎడమ చెవిలో దూదితో వచ్చింది. చెవులపిల్ల ఎప్పటిలాగే ఆమెకు ఎడమవైపున కూర్చుని “నొప్పిగా ఉందా?” అంది. రేడియో ముందుకే చూస్తోంది. చెవులపిల్ల రెండోసారి అడిగి, భుజం తట్టింది.

“ఓ, నువ్వా! ఇటు వచ్చి కూర్చో. అటు స్టేషను మూసేశారు.”

నవ్వింది. చెవులపిల్ల లేచి కుడివైపుకు వెళ్లింది.

“నిజంగా మెట్లేనా?”

“మెట్లే” అంది రేడియో. బల్ల మీద చూపుడు వేలితో మూడుసార్లు కొట్టింది. “మూడు మెట్లు.”

మధ్యాహ్నం రేడియో అమ్మమ్మ ఆఫీసుకు వచ్చింది. ఆమె బట్టలు కుట్టే మనిషి. హడావుడిగా వచ్చినట్టుంది, కొలతల టేపు మెడలోనే వేలాడుతోంది. హాజరు పట్టీ ఇవ్వడానికి వెళ్లిన చెవులపిల్ల తలుపు దగ్గరే ఆగిపోయింది.

“మెట్ల మీద పడితే మోకాళ్లు పగలాలి గదమ్మా! మోచేతులు పగలాలి. చెవి లోపల చిల్లెట్లా పడుద్ది? నలభై ఏళ్లుగా మనుషుల కొలతలు తీస్తున్నా, ఏది ఎక్కడుంటుందో నాకు తెలీదా?”

ప్రిన్సిపాల్ మేడం గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచే మనిషి కాదు. పెంచవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. “పెద్దావిడా, మీ పిల్లే మెట్లని చెప్పింది. అయినా మీకు నమ్మకం లేకపోతే, నమ్మకం లేని చోట పిల్లని ఉంచకూడదు. రేపు మధ్యాహ్నం రండి. మెట్ల మీద పడిందని రాసిన ఉత్తరం మీద సంతకం పెట్టండి, లేదా టీసీ తీసుకెళ్లండి. రెండూ సిద్ధంగా ఉంచుతాం.”

రెండూ సిద్ధం చేయవలసిన మనిషి, అంటే అమ్మ, తలెత్తకుండా కాగితం మీద అంచు గీత గీస్తోంది.

బడి వదిలాక చెవులపిల్ల సినిమా టీచర్‌ను వెతుక్కుంటూ వెళ్లింది. ఏడాది ఒప్పందం మీద వచ్చిన టీచర్ తీగలన్నీ చుట్టి పెట్టెలో పెడుతోంది.

“టీచర్, నాలుగో నిశ్శబ్దంలో…”

తీగ చుడుతున్న చేయి ఆగింది. ఆ ముఖం చూస్తే ఆమె అప్పటికే ఏదో ఊహించినట్టుంది. ఊహించి, ఊహతోనే సరిపెట్టుకోవాలనుకున్నట్టుంది.

“చెప్పకు తల్లీ. నువ్వు చెబితే నాకు తెలిసినట్టవుతుంది” అంది. “నాకు తెలిస్తే నేనేదో ఒకటి చెయ్యాలి.”

విద్యావంతుల పిరికితనానికి ఇంత చక్కని వ్యాకరణం ఉంటుందని పద్నాలుగేళ్ల పిల్లకు తెలియదు. తప్పు తనదే అనుకుని, తల ఊపి, వచ్చేసింది.

ఇంట్లో అమ్మ ఆరిన బట్టలు మడత పెడుతోంది. చెవులపిల్ల ఎదురుగా కూర్చుని దుప్పటి రెండో కొస పట్టుకుంది.

“అమ్మా, రిజిస్టర్‌లో నువ్వు చూడకుండానే రాస్తావా?”

అమ్మ దుప్పటిని దులిపింది. “గుమస్తా చూసింది రాయదే. చెప్పింది రాస్తుంది.”

“అది తప్పయితే?”

“దేని గురించి అడుగుతున్నావు?”

నోటి దాకా వచ్చింది. ఇంకొక్క మాట అంటే ఈ గది, ఈ దుప్పటి, పొద్దున్నే అమ్మ దువ్వుకునే జుట్టు, ఆఫీసు కిటికీలోంచి ఊపే చెయ్యి, అన్నీ ఒకేసారి జారి పడిపోతాయనిపించింది.

“ఊరికే.”

అమ్మ ఆమెను చాలాసేపు చూసింది. “నువ్వు ఊరికే అడిగే రకం కాదు” అని, కొసలు కలిపి, దుప్పటి మడత పెట్టేసింది.

*

శుక్రవారం పదకొండింటికి ప్రిన్సిపాల్ గదిలో సినిమా ముందుగా చూడాలన్నారు. కత్తెరకు ఆ పొద్దున కడుపునొప్పి వచ్చింది. లాప్‌టాప్ ముందు చెవులపిల్ల ఒక్కతే కూర్చుంది. మోకాళ్లు ఒకదానికొకటి తగిలి చప్పుడవుతాయేమోనని వాటి మధ్య షాట్ల పుస్తకం పెట్టుకుంది. బల్లకు అటువైపు మేడం, మాస్టారు. గోడ పక్కన టీచర్. మూల కుర్చీలో అమ్మ, ఒళ్లో మినిట్స్ పుస్తకం. మేడం దగ్గర జరిగే ప్రతి సమావేశాన్నీ రాయడం అమ్మ పనుల్లో ఒకటి.

సినిమా మొదలైంది. గేటు తెరుచుకుంది, కుళాయి కారింది. రేడియో గొంతు, సోమవారం నాటి గొంతు, గది నిండా పొంగింది: “మా బడికి నాలుగు వందల గొంతులు. అందులో పెద్దది నాది, కావాలంటే ఎవర్నైనా అడగండి!”

మాస్టారు ఉంగరంతో బల్ల మీద తాళం వేస్తున్నాడు.

ఖాళీ బల్లల దృశ్యం వచ్చింది. మాటలు ఆగాయి. ఫ్యాను ఒక్కటే. మొదటి ముప్పై సెకన్లు, అంతకు మించి ఒక్కటి కూడా కాదు. కత్తెర అంత జాగ్రత్తగా కోశాడు. సినిమా అయిపోయింది.

“బాగుంది” అన్నాడు మాస్టారు. “ఆ పిల్ల గొంతు మాత్రం తీసెయ్యండి. రేపటికి ఆ పిల్ల ఇక్కడ ఉండేదీ లేనిదీ తెలీదు. వేరే ఎవరి చేతైనా చదివించండి.”

“తీసెయ్యమ్మా” అంది మేడం. “ఏవండీ, రాసుకోండి.”

అమ్మ కలం కదిలింది. “గొంతు తీసెయ్యాలి” అని పైకి అనుకుంటూ రాసింది. తరువాత, తలెత్తకుండానే, ఆఫీసు గొంతుతో అడిగింది: “ఆ ఖాళీ గది దగ్గర మాటల్లేవు. అక్కడ వచ్చేది ఏ శబ్దమని రాయాలి?”

“నిశ్శబ్దం” అంది చెవులపిల్ల.

మాస్టారు పెద్దగా నవ్వాడు. “నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేస్తారా! మా రోజుల్లో ఊరికే వచ్చేది.”

“ఎప్పుడు రికార్డు చేసింది?” అంది అమ్మ. “తేదీ, వేళ, నిడివి రాయాలి.”

“అవన్నీ ఎందుకిప్పుడు?” అంది మేడం.

“ప్రతి వివరమూ రాయాలని మీరే సర్క్యులర్ ఇచ్చారు మేడం.”

చెవులపిల్ల మోకాళ్ల మధ్యనుంచి పుస్తకం తీసింది. కాగితం వేళ్లకు అతుక్కుంది. “నాలుగో నిశ్శబ్దం. తరగతి గది. మంగళవారం. పన్నెండు నలభై. పదకొండు నిమిషాల ఇరవై సెకన్లు.”

బల్ల మీద ఉంగరం తాళం ఆగింది.

“ముప్పై సెకన్లే విన్నాం” అంది అమ్మ. ఇప్పుడు తలెత్తింది. మేడం వైపు కాదు, మాస్టారి వైపు కాదు. కూతురి కళ్లలోకి చూసింది. “మిగతాది ఎక్కడమ్మా?”

అమ్మకు తెలియదు. అడుగుతోందంతే, నిన్న దుప్పటి దగ్గర వదిలేసిన ప్రశ్నను ఇక్కడ అడుగుతోంది. వద్దని అరవాలనిపించింది. నీ చేతిరాతే, నిన్నే పట్టుకుంటారు, అడగొద్దమ్మా. కానీ కత్తెరను చెరపనివ్వకుండా దాచిన అసలు రికార్డును చెయ్యి తెర మీద తెరిచేసింది, చూపుడు వేలు అప్పటికే మీట మీద ఉంది. ఆ వేలు బల్ల మీద మూడుసార్లు కొట్టిన మరో వేలిని గుర్తు చేసుకుంది. చెవులపిల్ల కళ్లు మూసుకుని నొక్కింది.

ఫ్యాను. తలుపు. రెండు జతల అడుగులు. ఒకటి, రెండు, మూడు.

“ఇదేంటి, ఆపు” అన్నాడు మాస్టారు. ఎవరూ ఆపలేదు. రేడియో గారూ, ఇప్పుడు మోగండి. పన్ను. బల్ల. “సార్… ఇటువైపు వినపడట్లేదు సార్.”

ఇక్కడి దాకా ఆమె విన్నదే. భయపడి వదిలేసిన భాగం ఇప్పుడు మొదలైంది. మాస్టారి గొంతు: “ఏడవకు. పోయి ముఖం కడుక్కో. మెట్ల మీద పడ్డానని చెప్పు.” తేలిక అడుగులు దూరమయ్యాయి. మరొక జత అడుగులు వచ్చాయి. తరువాత గదిలో ఉన్న అందరికీ తెలిసిన గొంతు, ఎన్నడూ పెరగని గొంతు:

“ఎవరైనా చూశారా?”

“లేదు మేడం.”

“అయితే మెట్లే. రిజిస్టర్‌లో రాయిస్తాను. ఆ గుమస్తా మనమేం చెబితే అది రాస్తుంది, అడగదు.”

చెవులపిల్ల కళ్లు తెరిచింది. మూడు రోజులుగా తను ఏ చప్పుడు నుంచి అమ్మను దాస్తూ వచ్చిందో, ఆ చప్పుడు లోపలే అమ్మ తప్పు లేదన్న సాక్ష్యం ఉంది. భయం దాన్ని విననివ్వలేదు.

“గోప్యంగా రికార్డు చేయడం నేరం, తెలుసా?” అన్నాడు మాస్టారు. గొంతు పిల్లాడి గొంతులా సన్నబడింది.

“ఇది మినిట్స్‌లో రాయక్కర్లేదు” అంది మేడం. “ఆ పుస్తకం ఇలా ఇవ్వండి.”

అమ్మ లేచింది. పుస్తకం ఇవ్వలేదు. గోడ బీరువాలోంచి ప్రమాదాల రిజిస్టర్ తీసి, మంగళవారం పుట తెరిచి, మేడం ముందు పెట్టింది. నల్ల సిరా, గుండ్రటి అక్షరాలు. మెట్ల మీద జారిపడినట్లు ప్రిన్సిపాల్ గారు చెప్పగా, చెప్పినట్లుగా వ్రాయడమైనది. కింద మేడం సంతకం, చదవకుండా పెట్టిన సంతకం, చాలా అందమైనది.

“మీకు అడగని గుమస్తాగానే కనపడ్డాను. అడగలేదు, నిజమే” అంది అమ్మ. “అడగాల్సింది. ఆ పిల్ల చెవి నా కిటికీకి ఇరవై అడుగుల దూరంలో పోయింది, నేను గీతలు గీసుకుంటూ కూర్చున్నాను.”

“సోమవారం నీ కుర్చీ ఉంటుందనుకుంటున్నావా?” మేడం ‘మీరు’ను ఎప్పుడు వదిలేసిందో ఎవరూ గమనించలేదు.

“ఉండకపోవచ్చు మేడం.”

అమ్మ తన కుర్చీలో కూర్చుని మినిట్స్ పుస్తకం తెరిచింది. కలం పట్టిన చెయ్యి వణుకుతోంది. అమ్మ చెయ్యి వణకడం చెవులపిల్ల చూడటం అదే మొదటిసారి. తన మోకాళ్ల వణుకు ఎవరి నుంచి వచ్చిందో ఆమెకు తెలిసింది. అమ్మ ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాయసాగింది. విన్న మాటలు, విన్న క్రమంలో. ఉంగరం మూడుసార్లు. ఒక దెబ్బ. ఎవరి ప్రశ్న, ఎవరి జవాబు.

“దెబ్బ ఎన్నో నిమిషమమ్మా?”

“నాలుగో నిమిషం, పన్నెండో సెకను.”

అది కూడా రాసి, కింద గీత గీసి, చివరి వాక్యం పైకి చదువుతూ పూర్తి చేసింది: “పై విషయము హాజరైన అందరూ వినగా, విన్నట్లుగా వ్రాయడమైనది.”

గీత కింద సంతకాల గళ్లు ఐదు గీసింది. మొదటి గడిలో తను పెట్టింది. రెండో గడి వైపు వేలు చూపి పుస్తకాన్ని గోడ పక్కన కూర్చున్న సినిమా టీచర్ ఒళ్లో పెట్టింది. టీచర్ చెవులపిల్ల వైపు చూసింది, తలుపు వైపు చూసింది. కిటికీ అవతల, చెప్పిన వేళకంటే ముందే వచ్చి, మెడలో టేపుతో, చీర కొంగు పిడికిట్లో బిగించి ఒక పెద్దావిడ నిలబడి ఉంది. టీచర్ కలం అందుకుంది. మూత తీయడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

ఎవరూ మీట నొక్కలేదు. లాప్‌టాప్‌లో నాలుగో నిశ్శబ్దం ఇంకా నడుస్తూనే ఉంది. చెవులపిల్ల ఊపిరి బిగపట్టకుండా ఫ్యాను చుట్లు లెక్కపెట్టసాగింది. ఒకటి. రెండు. మూలుగు.